నేను ఆపిన పదకొండు లైన్లు

నలభై ఏళ్ళకు పైగా నేను పదకొండు లైన్లు మోస్తున్నాను. అచ్చు లైన్లు. సీసం అక్షరాలతో పేర్చినవి. తక్కెడలో వేస్తే అరకిలో తూగుతాయో లేదో. కానీ దించుకుందామంటే ఇన్నేళ్ళూ చోటు దొరకలేదు. మా ఆవిడ బతికున్నన్నాళ్ళూ ఆమెకు చెప్పలేదు. పిల్లలకు చెప్పలేదు. నాతో కలిసి పనిచేసిన వాళ్ళలో ఒక్కరికీ చెప్పలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. ఆ తెలియకపోవడమే నాకు ధైర్యం.

ముందే ఒక మాట. నేను గుండెలు బాదుకుంటూ ఇది రాయడం లేదు. చేసింది తప్పు, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఆ తప్పు చేసిన చేతుల గురించి నాకు గర్వం ఉంది, ఇప్పటికీ ఉంది, ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా కాపురం చేస్తున్నాయో నాకే అర్థం కాదు. గర్వాన్ని పక్కన పెట్టి ఉత్త పశ్చాత్తాపమే రాస్తే చదవడానికి బాగుంటుందేమో. అది నిజం మాత్రం కాదు. ఒక అబద్ధాన్ని ఒప్పుకోవడానికి కూర్చుని ఇంకో అబద్ధం ఎందుకు?

మా ఇంట్లో సాయంత్రం ఏడయ్యేసరికి టీవీలో సీరియళ్ళు మొదలవుతాయి. మా కోడలు చూస్తుంది. నేను పేపరు అడ్డం పెట్టుకుని వింటాను. అరగంట సీరియల్లో ప్రకటనలు పోను కథకు మిగిలేది ఇరవై, ఇరవై రెండు నిమిషాలు. ఆ కాస్త సమయం అయిపోయే వేళకు ఎవరో ఒకరు తలుపు తీయాలి, లేదా ఫోను మోగాలి, లేదా చేతిలోంచి పళ్ళెం జారాలి. అందుకే ఆ కథల్లో ఎవరూ కాఫీ పూర్తిగా తాగరు, ఎవరూ మాట పూర్తిగా చెప్పరు. చెప్పేస్తే రేపటికి ఏం మిగులుతుంది? "ఇదిగో, ఇక్కడ ఆపుతాడు చూడు" అంటాను. ఆపుతాడు. "మీకెలా తెలుస్తుంది మామయ్యగారూ?" అని మా కోడలు నవ్వుతుంది. నేనూ నవ్వి ఊరుకుంటాను. నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

డెబ్బైల్లో తిరువూరు బస్టాండు వెనక వీధిలో ఒక చిన్న ప్రెస్సు ఉండేది. నేను అందులో కంపోజిటర్ని. అంటే అచ్చు అక్షరాలను అరల్లోంచి ఒక్కొక్కటే ఏరి లైన్లుగా పేర్చేవాణ్ణి. అప్పటికి నాకు పాతికేళ్ళు రాలేదు. శుభలేఖలు, కరపత్రాలు, రసీదు పుస్తకాలు, వీటితో ప్రెస్సు నడిచేది. మా ఓనరు వెంకటరత్నం గారికి మాత్రం పత్రిక పిచ్చి. పదిహేను రోజులకొకసారి ఎనిమిది పేజీల పత్రిక తెచ్చేవారు. మిర్చి ధరలు, మామిడికి మందుల సంగతులు, ఎవరో పంతులుగారి పద్యాలు, నడి పేజీలు రెండింట్లో ఒక సీరియలు. కాపీలు కట్టలు కట్టి విస్సన్నపేట బస్సులో, గంపలగూడెం బస్సులో కండక్టర్లకు అప్పజెప్పేవాళ్ళం.

ఆ సీరియలు రాసింది కరుణమ్మ టీచర్ గారు. క్రైస్తవ మిషన్ వాళ్ళ బళ్ళో మూడో తరగతికి చెప్పేవారు. ముప్ఫై అయిదు దాటిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ఒక పెంకుటింట్లో వీధివైపు వాటా అద్దెకు తీసుకుని ఒక్కరే ఉండేవారు. ఆ రోజుల్లో మా ఊళ్ళో ఒక ఆడమనిషి ఒక్కతే ఉండటమంటే, తిన్నగా నడిచినా వంకలు వెతికే కళ్ళు ఎప్పుడూ నాలుగు ఉండేవి. ఆమె అవేమీ పట్టించుకున్నట్టు కనబడేవారు కాదు. బడి వదిలాక గళ్ళ చీర కొంగు నిండుగా కప్పుకుని, రూళ్ళ కాయితాలు మడిచి పట్టుకుని ప్రెస్సుకు వచ్చి నా చేతికిచ్చేవారు. ఓనరు గారి చేతికి కాదు, నా చేతికి. అది నాకు ఎంత గొప్పగా ఉండేదో చెప్పలేను.

ఆమె కథలో శాంత అనే ఒక టీచరు. మెట్ట ప్రాంతపు చిన్న ఊరు. ఒంటరిగా ఉంటుంది. ఊరి పేరు మార్చారు, మనిషి పేరు మార్చారు, మిగతాదంతా ఆమె బతుకేనని చదివినవాళ్ళందరికీ తెలుసు. ఆమె దాచనూ లేదు.

సీరియలు ఎప్పుడూ రెండే పేజీలు. ఎందుకు రెండు? పాఠకుల ఓపిక చూసి కాదు, కథ అవసరం చూసీ కాదు. మా దగ్గరున్న అక్షరాలు రెండు పేజీలకే సరిపోయేవి. రెండు పేజీలు పేర్చి, కాలితో తొక్కే ట్రెడిల్ మిషను మీద అచ్చేసి, మళ్ళీ ఆ అక్షరాలన్నీ విప్పి అరల్లో వేస్తేగానీ మూడో పేజీ మొదలుపెట్టలేం. శాంత కష్టసుఖాలకు హద్దు గీసింది రచయిత్రి కాదు, మా చెక్క అరలు. పెద్ద పెద్ద ఊళ్ళలో పెద్ద పెద్ద పత్రికలకు ఇంకేవో లెక్కలు ఉంటాయి. మా లెక్క ఇది.

టీచర్ గారు మొదట్లో పాఠం చెప్పినట్టు రాసేవారు. ప్రతి అధ్యాయం ఒక రోజు. పొద్దున శాంత నిద్ర లేస్తుంది, సాయంత్రం దీపం పెట్టుకుంటుంది, ప్రార్థన చేసుకుంటుంది, అయిపోతుంది. చక్కటి భాష. మంచినీళ్ళ లాంటి భాష. కానీ ఎవరూ వచ్చే సంచిక కోసం ఎదురుచూసేవాళ్ళు కాదు. శాంత పడుకుందిగా, ఇంకేం?

మూడో సంచికకో నాలుగో సంచికకో ఒక పొరపాటు జరిగింది. టీచర్ గారు ఎక్కువ రాశారు. రెండు పేజీలు నిండిపోయాయి, ఇంకా సగం కాయితం మిగిలింది. శాంతకు ఒక ఉత్తరం వస్తుంది. కవరు మీద రాత చూసి ఆమె కూర్చుండిపోతుంది. సరిగ్గా అక్కడ నా పేజీ అయిపోయింది. నాకేం తెలుసు, పేజీ అయిపోయింది కాబట్టి ఆపేశాను. ఆ వారంలో ప్రెస్సుకు మనుషులు రావడం మొదలుపెట్టారు. ఆ ఉత్తరం ఎవరిది? కిళ్ళీ కొట్టు దగ్గర అడిగారు. బస్సు కండక్టరు అడిగాడు. విస్సన్నపేట నుంచి మామిడికాయల లారీలో వచ్చిన ఒకాయన పనిగట్టుకుని మా మెట్లెక్కి అడిగి వెళ్ళాడు. ఆ ఉత్తరం శాంత మేనత్తది. తిరుపతమ్మ తిరనాళ్ళకు రమ్మని రాసింది. అంతకంటే ఏమీ లేదు. అది తెలిసిన వాణ్ణి ఊరు మొత్తానికి నేనొక్కణ్ణి. పదిహేను రోజులు నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఆనాడు నాకు అర్థమైంది. కథ ఏం చెప్పిందన్నది సగమే. ఎక్కడ నోరు మూసుకుందన్నది మిగతా సగం.

ఆ తరవాత నుంచి పేజీ నన్ను ఆపలేదు, నేనే పేజీని ఆపాను. దానికి మా దగ్గర ఉపాయాలుండేవి. లైనుకూ లైనుకూ మధ్య పల్చటి సీసపు బద్దలు పెడితే పేజీ సాగుతుంది. తీసేస్తే కుదించుకుంటుంది. పేరాను రెండుగా విరిస్తే ఒక లైను పెరుగుతుంది. ఇలా సాగదీసీ కుదించీ, నాకు కావలసిన మాట రెండో పేజీ అడుగున చివరి లైనులో పడేట్టు చేసేవాణ్ణి. ఒక్క అక్షరం మార్చేవాణ్ణి కాదు. అది నా నీతి. కానీ ఆమె ఎక్కడో మధ్యలో మామూలుగా రాసిన వాక్యం నా చేతిలో పడి పదిహేను రోజుల పాటు ఊరిని నిద్రపోనివ్వకుండా చేసేది. ఎవరు నేర్పారు నాకు? ఎవరూ నేర్పలేదు. ఎనిమిదో తరగతి తప్పినవాణ్ణి. ఈ పని ఇవాళ ఇంతింత జీతాలు తీసుకుని పెద్ద పెద్ద ఆఫీసుల్లో కూర్చుని చేస్తున్నారని విన్నప్పుడు, నేను తిరువూరులో కంపుకొట్టే కిరసనాయిలు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ చేశానని గట్టిగా అరిచి చెప్పాలనిపిస్తుంది.

టీచర్ గారు గమనించారు. ఒకరోజు కొత్త సంచిక చూస్తూ చూస్తూ ఆగి నా వైపు చూశారు, కళ్ళతోనే నవ్వారు. ఆ తరవాత ఆమె రాత మారింది. లైన్లు లెక్కపెట్టుకుని రాయడం మొదలుపెట్టారు. నాలుగున్నర కాయితాలకు రెండు పేజీలని ఆమెకూ తెలిసిపోయింది. ఇదివరకు మొదటి వాక్యంలోనే చెప్పేసే సంగతిని ఇప్పుడు చివరి దాకా గుప్పిట్లో పెట్టుకునేవారు. శాంత నిద్రపోవడం మానేసింది. నిద్రపోయే ముందు ఏదో ఒకటి జరిగేది. నేను ఆపే చోటును ఆమె ముందే ఊహించి రాసేవారు. ఆమె ఊహించిన చోటికి ఒక లైను ముందో వెనకో నేను ఆపేవాణ్ణి. మాటల్లేకుండా ఇద్దరం కలిసి ఒక ఆట ఆడాం. నా జన్మలో నన్ను తనతో సమానంగా చూసిన మనిషి ఉందంటే అది ఆమె. అలాంటి మనిషికి నేను ఏం చేశానో చూడండి.

పదో పదకొండో అధ్యాయం. వానాకాలపు సాయంత్రం. బయట ముసురు. శాంత ఇంట్లో ఉంది. తలుపు చప్పుడైంది. తీసింది. గుమ్మంలో తమ బళ్ళోనే పనిచేసే తెలుగు మాస్టారు, పెళ్ళైన మనిషి, తడిసి ముద్దై నిలబడ్డాడు. 'మీ కోసమే చూస్తున్నాను, లోపలికి రండి' అంది శాంత. ఆయన లోపలికి వచ్చాడు. ఆమె తలుపు వేసింది.

ఆ తరవాత పదకొండు లైన్లు. లోపల చాప మీద మాస్టారి భార్య కూర్చుని ఉంది. ఒళ్ళో జ్వరంతో పిల్లవాడు. మధ్యాహ్నం నుంచి ఆ బిడ్డకు తడిగుడ్డలు వేస్తూ శాంత ఆమెకు తోడుగా ఉంది. మాస్టారు వేడి పాలు తాగాడు, బిడ్డ ఒళ్ళు తాకి చూశాడు, ముగ్గురూ ఒకే గొడుగు కింద ఇంటికి వెళ్ళారు. శాంత తడిగుడ్డలు పిండి దండెం మీద ఆరేసింది. అంతే.

భార్య సంగతి అధ్యాయం మొత్తంలో ఎక్కడా లేకుండా ఆమె ఆ చివరి పదకొండు లైన్లలో దాచారు. పాత కరుణమ్మ టీచర్ గారైతే మొదటి లైన్లోనే రాసేవారు. ఊరించి చెప్పడం ఆమెకు నేను నేర్పిందే. తలుపు వేశాక మనల్ని ఒక్క క్షణం భయపెట్టి, మరుక్షణం సిగ్గుపడేట్టు చేయాలని ఆమె ఎత్తు. మీరేమనుకున్నారు, ఎందుకు అలా అనుకున్నారు అని అడిగినట్టుండేది ఆ ముగింపు. ఎంత అందమైన ఎత్తో ఆ పని తెలిసినవాడిగా నాకు తెలుసు.

పదకొండు లైన్లూ పేర్చాను. పేజీలో పెట్టాను. పట్టాయి. ఇంకా మూడు లైన్లకు చోటు మిగిలింది కూడా. ఈ వాక్యం రాయడానికే ఇంత దూరం వచ్చాను. పట్టాయి.

తరవాత నిలబడి చూశాను. 'ఆమె తలుపు వేసింది.' ఆ లైను నా కళ్ళ ముందు మెరిసింది. దాని కింద ఇంకేమీ ఉండకూడదనిపించింది. అనిపించడమేమిటి, ఒళ్ళు జలదరించింది. పదకొండు లైన్లను పైకి లేపి, పురికొసతో కట్టి, పక్కనున్న రేకు పళ్ళెంలో పెట్టాను. ఖాళీ అయిన చోట చివరి పేజీలో వేయాల్సిన మామిడి అంట్ల ప్రకటన తెచ్చి పెట్టాను. ఓనరు గారు ప్రూఫు చూసి, "ఆహా, భలే ఆపావురా" అన్నారు. ఆయనకు తరవాతి లైన్ల సంగతి తెలియదు.

అసలు తెలుగు మాస్టారెవరో, అదీ చెప్పాలి. బళ్ళో లెక్కల మాస్టారు. టీచర్ గారు పాపం లెక్కలను తెలుగు చేసి ఎవరికీ తెలియదనుకున్నారు. బిడ్డ జ్వరం నిజంగా జరిగింది. ఆ భార్యకూ టీచర్ గారికీ స్నేహం. నాకు ఇదంతా తెలుసు. తెలిసే చేశానా? ఆ క్షణంలో నాకు మనుషులు కనబడలేదు, పేజీ అడుగు కనబడింది. ఇది సాకు కాదు. సాకైనా చెప్పుకోవడానికి ఇదొక్కటే ఉంది.

శుక్రవారం పత్రిక బయటికి వెళ్ళింది. శనివారం మధ్యాహ్నానికి కాపీలు అయిపోయాయి. గంపలగూడెం నుంచి కండక్టరు ఇంకో కట్ట కావాలని కబురు చేశాడు. అంతవరకు మా పత్రికకు అలాంటి రోజు రాలేదు. హోటల్లో, సైకిలు షాపులో, మిర్చి కొట్ల దగ్గర, ఎక్కడ చూసినా ఆ తలుపు గురించే మాట. నేను బజార్లో నడుస్తుంటే నా ఛాతీ నాకంటే ముందు నడిచింది.

సోమవారం మధ్యాహ్నం అన్నం గంటకు టీచర్ గారు వచ్చారు. ఆ మాటలు ఇవాళ జరిగినట్టే గుర్తున్నాయి.

"బాబూ, చివర పదకొండు లైన్లు పడలేదేంటి?"

"పట్టలేదండీ టీచర్ గారూ."

"పట్టలేదా? లెక్కపెట్టుకునే రాశానే."

"అక్షరాలు చాల్లేదండి. అరల్లో అయిపోయాయండి."

ఆమె అరల వైపు చూశారు. ఆమెకేం తెలుస్తుంది? తరవాత గొంతు తగ్గించి అన్నారు.

"పోనీ, ఆ పదకొండు లైన్లూ చిన్న కాయితం మీద వేసిస్తావా? కరపత్రం లాగా. ఒక యాభై చాలు. నిన్న చర్చిలో నా పక్కన ఎవరూ కూర్చోలేదు బాబూ."

"ఓనరు గారు ఊళ్ళో లేరండి. ఆయన్ని అడక్కుండా మిషను తిప్పకూడదండి. పదిహేను రోజులే కదండీ. వచ్చే సంచికలో పైనే వేసేస్తాను."

"పదిహేను రోజులా" అని ఆమె కొంగు ఇంకాస్త దగ్గరకు లాక్కున్నారు. "సర్లే. నీ తప్పేముంది. నేనే ఇంకో నాలుగు మాటలు తగ్గించి రాయాల్సింది."

ఓనరు గారు వెనక గదిలో భోజనం చేస్తున్నారు. అప్పడం నములుతున్న చప్పుడు నాకు వినబడుతూనే ఉంది. పదకొండు లైన్లు పురికొసతో కట్టినవి కట్టినట్టే ఆమె చేతికి బారెడు దూరంలో రేకు పళ్ళెంలో ఉన్నాయి. సీసం అక్షరాలు తిరగేసి ఉంటాయి కాబట్టి చూడగానే ఆమె చదవలేరు. అయినా నేను పక్కనున్న తడి ప్రూఫు కాయితం తీసి వాటి మీద కప్పాను. మాట్లాడుతూనే కప్పాను. సిరా పూసి, కాయితం వేసి అదిమితే యాభై కాపీలు అరగంట పని. మిషను కూడా అక్కర్లేదు.

ఎందుకు వేయలేదు? పేజీలోంచి లైన్లు తీసింది పనితనం మీద మోజుతో అనుకుందాం. ఇది దేనితో? ఆమె భయపడుతోందని తెలుస్తూనే ఉంది. ఆ మనిషి నాకు ఎంత ఇష్టమో నాకు తెలుసు. కానీ ఆ కరపత్రం బయటికి వెళితే నా తలుపు తెరుచుకుంటుంది. ఇంకా పన్నెండు రోజులు ఊరు ఊరంతా దాని ముందు నిలబడాలి. అది నాకు కావాలి. ఇంతకంటే పెద్ద కారణం కోసం ఏళ్ళ తరబడి వెతుక్కున్నాను. దొరకలేదు.

పదిహేను రోజుల్లో ఊరు తన సొంత పదకొండు లైన్లు రాసుకుంది. ఒక్కో వీధి ఒక్కో రకంగా రాసుకుంది. ఆడవాళ్ళు చెవులు కొరుక్కున్నారు. మగవాళ్ళు లెక్కల మాస్టారు కనబడితే వాన ఎప్పుడు పడుతుంది మాస్టారూ అని అడిగి నవ్వారు. బడి గోడ మీద బొగ్గుతో ఎవరో తలుపు బొమ్మ గీశారు. టీచర్ గారు దాన్ని తన చేత్తో కడిగారని తరవాత విన్నాను.

సంచిక వచ్చింది. మాట ప్రకారం పదకొండు లైన్లూ పైనే వేశాను. భార్య, బిడ్డ, తడిగుడ్డలు, గొడుగు. ఎవరూ నమ్మలేదు. గోల అయ్యేసరికి టీచరమ్మ ప్లేటు ఫిరాయించింది, అప్పటికప్పుడు పెళ్ళాన్ని తెచ్చి చాప మీద కూర్చోబెట్టింది అన్నారు. ముందే రాసిన లైన్లవని ఊళ్ళో తెలిసింది ఇద్దరికి. ఒకరు ఆమె. ఆమె చెబితే వినేవాళ్ళు లేరు. రెండోవాణ్ణి నేను. నేను చెప్పలేదు.

అన్నిటికంటే నన్ను కోసేది ఇంకొకటుంది. ఆ లెక్కల మాస్టారి భార్య. నిజంగా ఆ సాయంత్రం ఆ చాప మీద కూర్చున్న మనిషి. ఆమెకైనా తెలియాలి కదా? ఆమె కూడా మారిపోయింది. కొళాయి దగ్గర పక్కింటావిడతో అందట: "ఆ రోజు నేనున్నాను, కాదన్ను. నేను లేని రోజుల సంగతేంటి?" అంతే. రెండేళ్ళ స్నేహం అక్కడితో సరి. కళ్ళారా చూసిన మనిషి కూడా అనుమానపడేట్టు చేసింది నేను ఆపిన ఆ ఒక్క చోటు. చూశారా, ఇది రాస్తున్నప్పుడు కూడా వాక్యం చివర నా పనితనాన్ని మెచ్చుకుంటున్నట్టే ఉంది. మార్చడం చేతకావడం లేదు.

బడి పెద్దలు ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. దసరా సెలవులు అయ్యేసరికి బదిలీ కాగితం ఇచ్చారు. వినగడప అవతల ఒకే టీచరున్న చిన్న బడి. ఆమె ట్రంకు పెట్టె, నీళ్ళ బిందె రిక్షాలో పెట్టుకుని బస్టాండుకు వెళ్ళారు. ఆ రిక్షా మా ప్రెస్సు ముందు నుంచే వెళ్ళింది. నేను అక్షరాలు ఏరుతున్నాను. తల ఎత్తలేదు.

తరవాతి అధ్యాయం రాలేదు. ఓనరు గారు రెండు ఉత్తరాలు రాశారు. జవాబు లేదు. "ఇన్నాళ్ళూ చూస్తున్నావుగా, నువ్వే రాసి ముగించు" అన్నారు నాతో. మీకు నిజం చెప్పాలి, నా గుండె ఎగిరింది. నాకొచ్చిన పనే కదా అనుకున్నాను. రూళ్ళ కాయితాలు కొనుక్కుని మూడు రోజులు కూర్చున్నాను. శాంత నిద్ర లేచింది అని రాశాను. ఆ తరవాత ఆమె ఏం చేస్తుందో నాకు తెలియలేదు. ఎక్కడ ఆగాలో తెలుసు. ఆగడానికి ముందు నడవాలిగా, ఆ నడక నాకు లేదు. అది ఆమెది. కోయడం వచ్చినంత మాత్రాన కుట్టడం వచ్చినట్టు కాదని మూడు రోజుల్లో తెలిసింది. ఓనరు గారికి చెయ్యి నొప్పి అని చెప్పాను. మూడు సంచికలు దాటేసరికి పాఠకులు శాంతను మరిచిపోయారు. ఆ తలుపు గురించి అంత గోల చేసినవాళ్ళు, ఆమె చివరికి ఏమైందని ఒక్కరు అడగలేదు.

రెండు పేజీలు మించకూడదన్నది తప్పు కాదు. నేను దీని గురించి చాలా ఆలోచించాను. ఆ హద్దు లేకపోతే ఆమె రాత అంత చిక్కబడేది కాదు, నాకు ఆ పని పట్టుబడేది కాదు. హద్దు మా ఇద్దరికీ గురువు. కానీ హద్దు కాని చోట హద్దుందని చెప్పి, నేను చేసింది దాని మీదికి నెట్టేశాను. సీసం అక్షరాలు ఎదురు చెప్పవుగా. ఈ టీవీల వాళ్ళు టైము లేదంటుంటే నాకు నవ్వొస్తుంది. ఎన్నిసార్లు నిజంగా ఉండదో, ఎన్నిసార్లు ఉంటుందో వాళ్ళకే తెలియాలి.

ఇప్పుడే ఎందుకు చెబుతున్నానో కూడా చెప్పి ముగిస్తాను. మా అబ్బాయి ఇప్పుడు డిజిటల్ ప్రింటింగ్ షాపు నడుపుతున్నాడు. ఫ్లెక్సీలు, కార్డులు. నేను మధ్యాహ్నాలు వెళ్ళి కూర్చుంటాను. కార్డుల మీద మాటలు సరిచూడటం నా పని. కిందటి నెల ఒకాయన వచ్చాడు. యాభై దాటిన మనిషి. మేనత్త పోయింది, జ్ఞాపకార్థ కూడికకు కార్డులు కావాలన్నాడు. ఫొటో తీసి బల్ల మీద పెట్టాడు. జుట్టు నెరిసింది, బుగ్గలు జారాయి, కొంగు మాత్రం నిండుగా కప్పుకుని ఉంది. నేను వెంటనే పోల్చుకున్నాను.

పేరు కింద 'విశ్రాంత ఉపాధ్యాయురాలు' అని వేయమన్నాడు. రాత అలవాటు ఏమైనా ఉండేదా అని అడిగాను. లేదండీ, ఉత్తరాలు కూడా మా చేతే రాయించేది, పెట్టెలో వెతికితే ఒక్క కాయితం లేదు, బైబిలు తప్ప అన్నాడు. కీబోర్డు నా ముందుకు లాక్కున్నాను. నెమ్మదిగా ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, ఉపాధ్యాయురాలు పక్కన 'రచయిత్రి' అని కొట్టాను. ఆయన తెర మీదికి వంగి చూసి, "రచయిత్రి ఏంటండీ? ఆవిడేం రాసింది?" అన్నాడు.

"ఒక సీరియలు రాశారండి. మధ్యలో ఆగిపోయింది."

"ఎందుకాగింది?"

"నేను ఆపానండి."

ఆయనకు ఏం అర్థమైందో తెలియదు. అప్పుడు ప్రెస్సులో పనిచేసేవారా అని అడిగాడు. అవునన్నాను. సరే ఉంచండి, పెద్దావిడకు గౌరవంగా ఉంటుంది, ఎల్లుండికి రెండు వందలు కావాలి అని చెప్పి వెళ్ళిపోయాడు. నన్ను తిట్టలేదు, క్షమించనూ లేదు. క్షమించాల్సిన మనిషి ఆయన కాదు, ఫొటోలో ఉంది.

ఆ రెండు మాటలు నోటి వెంట రావడానికి నాకు నలభై ఏళ్ళు పట్టింది. చెప్పాక ఛాతీలో ఏదో సర్దుకుని, ఊపిరి కిందిదాకా వెళ్ళింది. సిగ్గుతో చచ్చిపోతాననుకున్నాను. కానీ 'నేను ఆపాను' అంటున్నప్పుడు నా గొంతులో వణుకు లేదు. పనివాడు తన పని తాను చూపించుకునే గొంతది. నాకే వినబడింది. టీచర్ గారి ఫొటో ముందు కూర్చుని కూడా నేను గర్వపడ్డాను. ఎవరికీ చెప్పుకోలేనిది అసలు ఇదే. ఇప్పుడు ఇదీ చెప్పేశాను.